దిష్టికి ఇంగ్లీషు రాదు

పెంటప్ప కాకాకు ఆ పేరు పెట్టినవాళ్లకు అతనంటే ప్రాణం. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే పుణే నుంచి వచ్చిన ఆ మేడంలాగే మీరూ పొరబడతారు, ఆ పైన నేను మీతో కూడా పోట్లాడాల్సి వస్తుంది.

అతనికి ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలు పురిట్లోనే పోయారు. మూడోవాడు పుట్టగానే తల్లి వాణ్ణి చాటలో వేసుకుని, సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో తాముండే సందు చివరికి తీసుకెళ్లి, పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటావిడ ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, "అయ్యో, ఎవలో పారేసిన పోరడు" అని ఎత్తుకుంది. తల్లి ఆమెకు దోసెడు తవుడు ఇచ్చి తన బిడ్డను తానే కొనుక్కుంది. చావు ఎప్పుడూ ముద్దుగా పెంచుకునే పిల్లల మీదే కన్ను వేస్తుందట. పెంట మీద దొరికినవాడు దానికెందుకు? అట్లా పెంటప్ప బతికాడు. మగ్గాల పనికి తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చిన మావాళ్లలో పెంటయ్యలూ పెంటమ్మలూ అంతమంది ఎందుకున్నారో ఇప్పటి పిల్లలకు తెలియదు, పేరు వింటే కిసుక్కున నవ్వుతారు. నవ్విన ప్రతివాడి నెత్తిన ఒక మొట్టికాయ వేయాలనిపిస్తుంది నాకు.

నా పేరు సరోజ. సోలాపూర్ నీలం నగర్‌లో మా ఇంటి మేడ మీది గదిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు నడుపుతాను. నాకు కోపం ఎక్కువ. పిల్లలు నా వెనక మిర్చీ టీచర్ అంటారని కూడా తెలుసు. నేను కాకా, అంటే బాబాయి, అని పిలిచే పెంటప్పది మా పక్కిల్లు, మధ్యలో ఒకే గోడ. అతను చిన్నప్పటి నుంచి మగ్గం నేశాడు. చేతిమగ్గాలు పోయాక ఇప్పుడు పవర్‌లూమ్ షెడ్డులో తువ్వాళ్లు నేస్తున్నాడు. ఆ కరెంటు మగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. ఇంట్లో పెళ్లాం పోయిన అతనూ, మొగుడు పోయిన అక్క యమునాబాయీ ఉంటారు. యమునత్త పొద్దస్తమానం చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది.

నా క్లాసులో అన్నిటికంటే నన్ను ఏడిపించే పాఠం ఒకటుంది. ఇష్టం, మోజు, ఉత్సాహం ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలన్నది. లైక్ ఎక్కడ, ఫాండ్ ఆఫ్ ఎక్కడ, కీన్ ఆన్ ఎక్కడ, క్రేజీ అబౌట్ ఎక్కడ అని ఏటా బోర్డు అరిగేటట్టు రాస్తాను. మా సోలాపూర్ పల్లీల పొడి, శేంగా చట్నీ గురించి 'ఐ లైక్ ఇట్' అంటే చాలు. ఉద్యోగం గురించి 'ఐ యామ్ కీన్ ఆన్ ఇట్' అంటే ఆఫీసువాడు సంతోషిస్తాడు. అంతా బుర్రకెక్కించుకుంటారు. లేచి నిలబడి తమ గురించి ఒక వాక్యం చెప్పమంటే మాత్రం తలలు దించుకుంటారు. "మీకేం ఇష్టం?" అంటే, "ఏదైనా నడుస్తది టీచర్" అంటారు. మా ఇళ్లలో ఇష్టం అన్న మాట నోటితో అని ఎరగరు. చీర బాగుందంటే "ఏం బాగు, పాతదే" అంటారు. పిల్ల ముద్దుగా ఉందంటే తల్లి వెంటనే థూ థూ అని ఉమ్మి, "కోతి మొహంది" అంటుంది. నోటికి రాని మాటను ఇంగ్లీషులో మాత్రం ఎక్కడినుంచి తెస్తారు, నా తలకాయ!

పెంటప్ప కాకా బతుకంతా అట్లాగే నోరు కట్టుకుని ఉన్నాడు, ఒక్కసారి తప్ప. అది కూతురు సోనాలి పెళ్లి రోజు. పందిట్లో ఎవరో అడగగానే, సంతోషం పట్టలేక, "నా బిడ్డ లక్ష్మి. ఇసొంటి బిడ్డ ఎవలకు లేదు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. యమునత్త మొహం మాడిపోయింది. అప్పటికప్పుడు పొయ్యిలో ఉప్పూ మిరపకాయలూ వేసింది. సోనాలి పుణేలో కాపురం పెట్టింది. ఋతుజ అని ఒక ఆడపిల్ల పుట్టింది. పిల్లకు అయిదేళ్లు నిండాయో లేదో, సోనాలి డెంగ్యూతో పోయింది. ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్లాడు ఆ అల్లుడు. ఆ సంగతి ఎంత చెప్పినా కాకా వినడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"నా నోరే తిన్నది బిడ్డా దాన్ని" అంటాడు.

నెలలు గడవకుండానే ఆ అల్లుడు పిల్లను పక్కింటివాళ్ల దగ్గర దింపి, ఇప్పుడే వస్తానని చెప్పి మాయమయ్యాడు. వాడి పేరు ఎత్తడం నాకు ఇష్టం లేదు. పిల్ల ఒక అనాథాశ్రమానికి చేరింది. ఆశ్రమంవాళ్లు వెతికి వెతికి సోలాపూర్‌లో తాత ఉన్నాడని కనుక్కుని ఫోన్ చేశారు. పిల్లను కొన్నాళ్లు మీ ఇంటికి పంపుతాం, ఆ తర్వాత మా మేడం వచ్చి చూస్తారు, మీకు పిల్ల మీద నిజంగా మమకారం ఉందని అనిపిస్తే మీ దగ్గరే ఉంచుతాం, లేదంటే పెంచుకునేవాళ్లను చూస్తాం అన్నారు. అంటే ఆ మేడం ఒక్క పూట కూర్చుని ఏమనుకుంటే అదే ఋతుజ బతుకు.

పిల్ల వచ్చింది. సోనాలి కళ్లే. తెలుగు కాస్త వచ్చు, మాట్లాడటం మరాఠీలో. ఏది పెట్టినా ముందు "నకో" అనేది, అంటే వద్దని. పెంటప్ప కాకా షెడ్డుకు పోయేముందు దాన్ని గడప మీద కూర్చోబెట్టుకుని జడ వేసేవాడు. తెగిన పోగులు ముడివేసే వేళ్లు కదా, ఒక్క వెంట్రుక కూడా గుంజేది కాదు. సాయంత్రం వస్తూ పేపర్‌లో చుట్టి వేడివేడి భజ్జీలు తెచ్చేవాడు. తాను ఒక్కటీ తినేవాడు కాదు. అది తింటుంటే చూసి, "ఎంత తింటదో చూడు, పీడ! ఇల్లు గుల్ల చేస్తది" అనేవాడు. యమునత్త బీడీ ఆకు కత్తిరిస్తూనే, "దరిద్రం! మనకే దొరకాల్నా ఇది" అని ఆ పిల్ల ఒళ్లు నిమిరేది. మా గల్లీలో ఎవరు విన్నా వాళ్ల మాటలకు కళ్లు చెమ్మగిల్లేవి, అంత ముద్దు ఉండేది వాటిలో. పిల్ల మాత్రం తింటున్న భజ్జీ ఆపి తాత మొహంలోకి చూసేది. సోనాలి పుణే పోయాక అక్కడివాళ్లను చూసి కూతురికి రోజూ ఐ లవ్ యూ చెప్పేదట. పిల్ల నాతో చెప్పింది. "ఆయీ రోజు అనేది. తాత అనడు" అంది. ఆయీ అంటే అమ్మ.

మేడం వచ్చే రోజు దగ్గర పడుతుంటే నేను ఉండబట్టలేక కాకాను కూర్చోబెట్టి చెప్పాను.

"కాకా, ఆ మేడం అడుగుతది, పిల్లంటే ఇష్టమా అని. నోరు తెరిచి ఇష్టమని చెప్పాలె. పీడ గీడ అన్నవంటే పిల్ల పోతది."

"చెప్ప బిడ్డా" అన్నాడు, నేల చూస్తూ. "ఒక్కసారి చెప్పి ఒకదాన్ని తిన్న. మల్ల చెప్తనా?"

"అరే దేవా! చెప్పకుంటే కూడా పోతది గదా?"

"పోతే పోతది. బతికైతే ఉంటది."

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, ఇతని నోటికి పడ్డ తాళం ఏ తాళంచెవికి వస్తుంది? అరిచాను, బతిమాలాను, లేచి వచ్చేశాను. మా గుమ్మం దాకా వచ్చాక బుర్రలో ఒకటి మెరిసింది. వెనక్కి తిరిగి వెళ్లాను.

"కాకా, ఇంగ్లీష్‌ల చెప్పు. దిష్టికి ఇంగ్లీష్ రాదు."

అతను తలెత్తాడు.

"మరాఠీ వస్తదా దానికి?"

"మరాఠీ వస్తది, హిందీ వస్తది. మనతోని ఇన్నేండ్లు సోలాపూర్‌ల ఉన్నది గదా. ఇంగ్లీష్ ఎక్కడ నేర్చుకుంటది? నా క్లాస్‌కైతే రాలె."

యమునత్త చాట పక్కన పెట్టి, "గది నిజమే రా" అంది. కాకా మొహంలో కూతురు పోయాక మొదటిసారి వెలుగు చూశాను. ఆ క్షణం నాకెంత గర్వం వేసిందో!

ఇక ఏ మాట నేర్పాలన్న దగ్గర చర్చ మొదలైంది. ఒక్కోటి అర్థం చెప్పమన్నాడు. బట్ట కొనేవాడు పోగు పట్టి చూసినట్టు ఒక్కో మాటను పట్టి చూశాడు. లైక్ అంటే చాయ్ ఇష్టమన్నట్టు అన్నాను. "తక్కువైంది" అన్నాడు. కీన్ ఆన్ అంటే ఒకటి కావాలన్న ఉబలాటం అన్నాను. "అది పోరగాండ్ల మాట." క్రేజీ అబౌట్ అంటే పిచ్చి అన్నాను, ఆఫీసువాళ్ల ముందు ముసలాయన పిచ్చి అంటే బాగుండదని నేనే వద్దన్నాను. అట్రాక్టెడ్ అన్న మాట ఆడా మగా మధ్యది, దాని జోలికే పోవద్దన్నాను. చివరికి ఫాండ్ ఆఫ్ దగ్గరికి వచ్చాం.

"దగ్గరుండంగ ఉండంగ కలిగిన మమకారం కాకా. తాతకు మనవరాలి మీద ఉన్నట్టు."

"గదియ్యి నాకు" అన్నాడు.

'ఐ యామ్ వెరీ ఫాండ్ ఆఫ్ హర్.' దాన్ని సాంచా దగ్గర నేర్చుకున్నాడు. షెడ్డు చప్పుడులో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. వాళ్లు పెదాలు చూసి మాట్లాడుకుంటారు. పక్క సాంచా మీది నరసయ్య ఇతని పెదాలు చూసీ చూసీ, "ముసలోడు ఏం మంత్రం చదువుతున్నడో సమజ్ అయితలేదు" అని గల్లీ అంతా చెప్పుకుని నవ్వాడు.

ఆశ్రమం మేడం పేరు నమ్రత. చిన్న వయసు, మెత్తటి మనిషి. దుర్మార్గురాలని చెప్పి చేతులు దులుపుకుందామంటే నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఇల్లు చూసింది, నీళ్లు తాగింది, యమునత్త బీడీ కట్టలు పక్కకు జరిపి చాప మీద కూర్చుంది. మొదట నాతోనే ఇంగ్లీషులో మాట్లాడింది. ఋతుజ గడప మీద కూర్చుని ఉంది, తాత వేసిన జడలతో. మేడం కాకా వైపు తిరిగి, పిల్ల గురించి మీరేం అనుకుంటున్నారని అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

కాకా గొంతు సవరించుకుని, చేతులు కట్టుకుని, ఒక్క తప్పు లేకుండా, "ఐ యామ్ వెరీ ఫాండ్ ఆఫ్ హర్" అన్నాడు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మేడం కూడా నవ్వింది. నవ్వి, ముందుకు వంగి, "మాది కాకినాడండీ. నాకు తెలుగు వచ్చు" అంది. "తాతగారూ, ఇంగ్లీషులో కష్టపడకండి. మీ మాటల్లో చెప్పండి. ఈ పాపంటే మీకు ఇష్టమేనా?"

ఆమె దయతోనే అడిగింది. కాకా నన్ను చూశాడు, పైకప్పు చూశాడు, గడప మీది పిల్లను చూశాడు. మధ్యాహ్నం పూట, నట్టింట్లో, తేటతెల్లమైన తెలుగులో, అందరూ వింటుండగా అడిగింది. ఇంకెవరు వింటున్నారో అతనికి తెలుసు.

"గీ పీడ నాకెందుకమ్మా" అన్నాడు. "ఉంటే ఉంటది, పోతే పోతది. పెంట మీద దొరికిన పోరి."

యమునత్త తమ్ముడికి సాయం వచ్చింది. "అవునమ్మా. శని పట్టింది మాకు" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

మేడం మొహంలో నవ్వు ఆరిపోయింది. నేను అడ్డం పడ్డాను. మేడం, మాలో అట్లాగే అంటారు, ఇష్టం ఉన్నవాళ్లనే అంటారు, ఈయన పేరు చూడండి, ఈయనను కన్నతల్లే పెంట మీద పెట్టింది, దిష్టి భయం మేడం, అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

"ఆ ఇంగ్లీషు వాక్యం మీరే నేర్పారు కదండీ?" అంది.

"నేర్పిన. కానీ నిజమే గదా!"

"మీరు నేర్పిన మాట ఒకలా ఉంది. ఆయన సొంత మాట ఇంకోలా ఉంది. ఏది నమ్మమంటారు? మీరే చెప్పండి." ఆమె పిల్ల వైపు చూసింది. "మా అమ్మమ్మ కూడా దిష్టి తీసేదండీ. కానీ పిల్ల ఎదుటే పీడ, శని అంటారా? ఆ పాప రోజూ ఇవే వింటోందా?"

ఆమె లేచి వెళ్లి గడప దగ్గర ఋతుజ పక్కన కూర్చుంది. ఇక్కడ ఉంటావా అమ్మా అని అడిగింది. పిల్ల అటూ ఇటూ చూడలేదు. జడ కొస నోట్లో పెట్టుకుని కొరికింది.

"తాతకు నేను నకో" అంది. "నేను నీతోనే వస్త."

ఆ మాట కాకా విన్నాడు. అప్పటిదాకా మేడం ఏమంటుందోనని భయపడ్డాడు గాని, పిల్ల కూడా తన మాటను అట్లాగే తీసుకుందని అతనికి తట్టలేదు. మా గల్లీలో పుట్టిన ఏ పిల్లకూ ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. అతను చాప మీద నుంచి ఒక్క ఉదుటున లేచాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, షెడ్డులో అరిచినట్టు అరిచాడు.

"ఇష్టం బిడ్డా! నువ్వంటే నాకు పానం! ఉండు బిడ్డా, పోకు! నువ్వు నా సోనాలివి!"

పిల్ల బెదిరిపోయింది. మేడం వెనకాల చేరి ఆమె చున్నీ పట్టుకుని దాక్కుంది. కాకా చేతులు చాచి అట్లాగే నిలబడ్డాడు. యమునత్త రెండు చేతులతో తన నోరు మూసుకుంది, ఆ మాట అన్నది తానే అయినట్టు.

పిల్లను ఎక్కించుకున్న కారు గల్లీ మలుపు తిరిగేదాకా నేను మేడంను తిడుతూనే ఉన్నాను. ఆమెకు వినపడలేదు. వినపడినా ఏం లాభం? కారు పోయాక చూస్తే, పెంటప్ప కాకా గడప మీద ఋతుజ కూర్చున్న చోటును అరచేత్తో తడుముతున్నాడు.

కొన్ని వారాలకు ఫోన్ వచ్చింది. నేనే మాట్లాడాను. పిల్ల మనసు ఇక్కడ నిలవలేదన్నారు. ఆమె కోసం ఒక మంచి కుటుంబం దొరికిందన్నారు. ఎవరు, ఎక్కడ అని అడిగితే చెప్పకూడదన్నారు. నేను కాకాకు ఎట్లా చెప్పాలా అని ఏడుస్తూ వెళ్లాను. అతను ఏడవలేదు. అతని భయం వేరే.

"అన్న గద బిడ్డా. మల్ల నోరు జారి అన్న గద. అందరు ఇనంగ అన్న. ఫోన్ చెయ్యి. జెరం గిట్ల ఉన్నదేమో అడుగు."

చేశాను. వాళ్లేమీ చెప్పలేదు. మళ్లీ చేయమన్నాడు. మళ్లీ చేశాను. ఇప్పుడు నా నంబరు చూసి ఎత్తడం కూడా మానేశారు. కాకాకు మాత్రం ఇంకా చేస్తున్నానని, పిల్ల కులాసా అని చెబుతున్నాను. నమ్ముతాడో లేదో తెలియదు. షెడ్డులో సాంచా చప్పుడులో ఇప్పటికీ అతని పెదాలు కదులుతూనే ఉంటాయట. నరసయ్య ఇప్పుడు నవ్వడం లేదు. ఆ మంత్రం ఏమిటో నేనే చెప్పాను.

నా క్లాసులో ఆ పాఠం ఈ ఏడూ వచ్చింది. ఫాండ్ ఆఫ్ దగ్గరికి రాగానే ఒక పిల్ల, "టీచర్, ఎవల గురించైనా చెప్పొచ్చా?" అని అడిగింది. చెప్పొచ్చు అన్నాను. చెప్పేయండి, ఉన్నప్పుడే చెప్పేయండి, ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పి చావండి అని కసిరాను. పిల్లలు బిక్కమొహాలు వేశారు.

రోజూ పొద్దున షెడ్డుకు పోయేముందు పెంటప్ప కాకా గల్లీ మధ్యలో నిలబడతాడు. పైకి చూసి, అందరికీ వినపడేటట్టు తెలుగులో అరుస్తాడు. "గా పోరి నాకేం గాదు! నాకొద్దు! పెంట మీద దొరికింది! ఇంటున్నవా? నాకేం గాదు!" ఎవరికి చెబుతున్నాడో మా అందరికీ తెలుసు. యమునత్త గడపలో నుంచి అందుకుంటుంది. నరసయ్య అంటాడు, నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు బిందెలు దించి అంటారు, "అవును, ఆ పోరి నీకేం గాదు కాకా" అని. నేను మేడ మీద నుంచి అంటాను. అందరికంటే గట్టిగా అంటాను.